తసలాకి ఒక డబ్బా

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నేను రాసిన మొట్టమొదటి పెద్ద రిపోర్టులో మట్టిని దోషిగా నిలబెట్టి, నీళ్ళకి దండ వేసి ఊరేగించాను. రెండూ తలకిందులే. ఆ రిపోర్టు పుణ్యమా అని, పంతొమ్మిదేళ్ళుగా ఒకే చోట పనిచేస్తున్న ఒక మనిషి ఆ చోటు పోగొట్టుకోబోయాడు. నలభై ఏళ్ళు దాటినా ఆ వారం రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కూర్చున్నచోట కాలు నిలవదు. సిగ్గు కొంత, సంబరం చాలా.

డేటా పని నేర్చుకుంటున్న పిల్లలు మీరు. ఒక్క లైను రాస్తే ఏ కాలమ్ ఏ కాలమ్‌తో జత కట్టి తిరుగుతోందో ఎర్రగా, నీలంగా మీ తెర మీద పరుచుకుంటుంది. మీ అదృష్టం చూస్తే నాకు కొంచెం కుళ్ళుగానే ఉంటుంది. మా రోజుల్లో ఆ బొమ్మ చూడాలంటే సాక్చి బజారుకి వెళ్ళి గ్రాఫు కాగితాలు కొనుక్కుని, ఒక్కొక్క చుక్కా చేత్తో పెట్టుకోవాలి. నేనూ కొన్నాను. కాకపోతే రిపోర్టు ఇచ్చేశాక కొన్నాను, అదే నా కథ.

డెబ్బైల చివరి సంగతి. హిందీ మాట్లాడే ఒక ఉక్కు ఊళ్ళో, గోవింద్‌పూర్ వైపు, ట్రక్కుల కార్ఖానాకి బ్రేకు డ్రమ్ములు పోతపోసి ఇచ్చే ఒక ఫౌండ్రీ మాది. వాల్తేరులో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ ముగించి, అదే ఊళ్ళో కద్మాలో ఉన్న అమ్మానాన్నల దగ్గరికి వచ్చేసిన నన్ను అక్కడి క్వాలిటీ సెక్షన్లో వేసుకున్నారు. షాపు ఫ్లోరు మీద కనబడే ఆడపిల్లని నేనొక్కదాన్నే. మొదటి నెల నన్ను చూడటానికి వచ్చినవాళ్ళతో మా సెక్షన్ గుమ్మం అరిగిపోయింది. రెండో నెలకి అలవాటైపోయాను. ఆరో నెలకి నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

అక్కడ పని అర్థం కావడానికి మీకు ఒక్క సంగతి తెలిస్తే చాలు. ఇసుకతో అచ్చు చేసి అందులో కరిగిన ఇనుము పోస్తారు. ఉత్త ఇసుక నిలవదు కదా, అందుకని బెంటొనైట్ అనే జిగురుమట్టీ, నీళ్ళూ, కాస్త బొగ్గుపొడీ వేసి, పెద్ద ఇనప చక్రాలు తిరిగే మిల్లులో కలుపుతారు. ఆ మిల్లు దగ్గర ఎంత మట్టి, ఎన్ని నీళ్ళు, ఎంతసేపు తిప్పారు అన్నది షిఫ్టుకోసారి రిజిస్టరులో రాస్తారు. బెంటొనైట్‌ని అక్కడ ఎవరూ ఆ పేరుతో పిలవరు, మట్టి అంటే అదే.

ఆ ఏడాది మొదట్నించీ మా డ్రమ్ముల్లో బొక్కలు పడటం మొదలైంది. పైకి నున్నగా, నిక్షేపంలా ఉంటాయి. లేతు మీద పెట్టి పైపొర చెక్కగానే లోపల గాలి బుడగలు కట్టిన బొక్కలు బయటపడతాయి. ట్రక్కుల వాళ్ళు లారీలకి లారీలు వెనక్కి పంపిస్తున్నారు. మా క్వాలిటీ మేనేజరు పట్నా నుంచి వచ్చిన పెద్దమనిషి, కోపం వస్తే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు. నాలుగు నెలల్లో ఆ అద్దాలు అరిగిపోయేంత తుడిచాడు. చివరికి నన్ను పిలిచి, "బేటీ, నువ్వు అంకెలు చదువుకున్నావు. ఈ బొక్కలకి కారణం ఎవడో పట్టుకో" అన్నాడు.

ఏది అనలేదు చూడండి, ఎవడు అన్నాడు. నేను ఆ మాటని పట్టించుకోలేదు. నాకు అప్పటికే రెక్కలొచ్చేశాయి.

నాలుగు నెలల రిజిస్టర్లు మోసుకొచ్చాను. మట్టి, నీళ్ళు, బొగ్గుపొడి, మిల్లు తిరిగిన సేపు, ఇనుము వేడి అని అయిదు కాలమ్‌లు. ఆరోది, ఆ షిఫ్టులో బొక్కలు పడ్డ డ్రమ్ములు. షిఫ్టుకో కార్డు చొప్పున కన్నాలు పొడిపించి, ఆ కార్డుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో ఊళ్ళోకి వెళ్ళాను. అక్కడ ఒక పెద్ద ఆఫీసు వాళ్ళ కంప్యూటరు వారానికి ఒక గంట మాకు ఇచ్చేవారు. చల్లటి గదిలో ఆ యంత్రం గడగడమంటూ వెడల్పాటి కాగితం కక్కుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. అయిదు కాలమ్‌లకీ అయిదు గుణకాలు. ఒక్కొక్కటీ ఆరేసి దశాంశ స్థానాలతో! ఆరు స్థానాలు ఉన్నది అబద్ధం ఎలా అవుతుంది?

కాగితం చెప్పినదేమిటంటే, మట్టి పెరిగితే బొక్కలు విపరీతంగా పెరుగుతాయి. నీళ్ళు పెరిగితే బొక్కలు తగ్గుతాయి. మిగతా మూడూ ఉన్నా లేనట్టే.

ఇసుక పరీక్షలు చేసే లాబ్ అసిస్టెంటు ఒకతను ఉండేవాడు. తెలుగువాళ్ళ పిల్లాడే, నా ఈడే. ఈ ఊళ్ళో పుట్టి పెరిగాడు కాబట్టి నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతాడు. నా కాగితం చూసి తల గోక్కున్నాడు.

"పానీ బఢ్‌నే సే ఛేద్ కమ్? దీదీ, ఉల్టా నహీ హై?" అన్నాడు. నీళ్ళు పెరిగితే బొక్కలు తగ్గడమేమిటి, తలకిందులు కాదా అని.

తడి ఎక్కువైతే వేడి ఇనుము తగిలి ఆవిరి పుడుతుంది, ఆవిరి పోవడానికి దారి లేకపోతే బొక్క పడుతుంది. ఫౌండ్రీలో టీ పోసేవాడికి కూడా తెలిసిన విషయం. నాకూ తెలుసు. అయినా నేను గడ్డం పైకెత్తి, "మిగతావన్నీ కదలకుండా ఉంటే, నీళ్ళు పెరిగినకొద్దీ తగ్గుతాయి అని అర్థం. పుస్తకం చదువుకో" అన్నాను. అతను నోరు మూసుకున్నాడు. నోరు మూయించగలిగానని నేను మురిసిపోయాను.

బుధవారం రిపోర్టు మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, అద్దాలు తుడుచుకోకుండానే నవ్వాడు. మట్టి వేసేది ఎవరు? మిల్లు మిస్త్రీ. దొరికాడు దొంగ. సోమవారం నుంచి మిస్త్రీని మిల్లు మీంచి తీసి ఫెట్లింగ్ షాపులో వెయ్యమని ఆర్డరు టైపు చేయించాడు. ఫెట్లింగ్ అంటే, పోతలకి అంటుకున్న ఇసుకా అంచులూ ఉలి పెట్టి సుత్తితో కొట్టి దులిపే చోటు. రోజంతా దుమ్ము, రోజంతా మోత. పాతికేళ్ళ కుర్రాళ్ళే ఏడాదికి దగ్గు పట్టి సెలవులు పెడతారు. మిస్త్రీకి అప్పటికి యాభై నాలుగు.

నాకేమీ అనిపించలేదా అంటే, అనిపించింది. కాని అంకెలు చెప్పాక నేనేం చేస్తాను అనుకున్నాను. ఆ వయసులో నాకు అది న్యాయంలాగే కనబడింది.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ మిస్త్రీయే మా సెక్షన్‌కి వచ్చాడు. టెక్కలి దగ్గర పల్లె వాళ్ళది. పొడుగ్గా, ఎండుకట్టెలాగా ఉంటాడు. భుజం మీద ఎర్ర గళ్ళ తువ్వాలు. నా బల్ల ముందు నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏటమ్మా, నామీద ఏటో రాసినావంట?"

"మీ మీద కాదు మిస్త్రీ గారూ, మట్టి మీద రాశాను."

"మట్టి ఎవులేత్తన్నారు? నానే గదా. పంతొమ్మిదేళ్ళు ఆ మిల్లు కాడున్నాను. ఏ సాబూ ఒక్క మాటనలేదు. మన పిల్లవి, నువ్వు నన్ను కొలిమిలోకి తోసేసినావు."

నాకు చెవులు వేడెక్కాయి. తగ్గకూడదనుకుని కాగితం విప్పి చూపించి, మట్టి పెరిగితే ఇలా, నీళ్ళు పెరిగితే అలా అని పాఠం చెప్పాను. అక్షరం రాని మనిషి, ఆ కాగితాన్ని కాదు, నా మొహాన్ని చూస్తూ విన్నాడు. "మిగతావన్నీ కదలకుండా ఉంటే" అన్న నా ఊతపదం దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు.

"ఆగు ఆగు. నీళ్ళు కదిలితే మట్టి కదలకుండా ఎలాగుంటాదమ్మా?"

"అంటే?"

"అంటే ఏటి? రా, సూపిత్తాను."

రోషం కొద్దీ వెళ్ళాను. నిజం చెప్పాలంటే, రిపోర్టు రాసే ముందు మిల్లు దగ్గర నేను పది నిమిషాలు కూడా నిలబడలేదు. రిజిస్టరు చాలనుకున్నాను.

మిల్లు దడదడమని తిరుగుతోంది. మిస్త్రీ పక్క తలుపులోంచి చెయ్యి పెట్టి పిడికెడు ఇసుక తీశాడు. గట్టిగా పిసికాడు. పిడికిలి విప్పితే వేళ్ళ గుర్తులతో ముద్ద వచ్చింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని మధ్యకి విరిచాడు. విరిగిన అంచు పొడిపొడిగా రాలింది. పెదవి విరిచి, వెనక్కి తిరక్కుండానే అరిచాడు.

"ఏక్ తసలా!"

వెనక ఉన్న జోడీదారు, అంటే ఆయనతో జంటగా పనిచేసే మనిషి, ఇనప తసలాతో, మనం గమేళా అంటామే దాంతో, మట్టి ఎత్తి మిల్లులో వేశాడు. వేసిన చెయ్యి వేసినట్టే తిప్పి, డబ్బాడు నీళ్ళు తీసి అందులో గుమ్మరించాడు.

"నీళ్ళు పొయ్యమని మీరు చెప్పలేదుగా?" అన్నాను.

"సెప్పాలేటి? తసలాకి డబ్బా. మా ఉస్తాద్ నేర్పినాడు. మట్టేసి నీళ్ళెయ్యకపోతే ముద్ద నిలవదు. పంతొమ్మిదేళ్ళుగా అంతే. నాను సెలవెట్టినా ఈడు అదే సేత్తాడు, ఆ రెండో పాళీవోడూ అదే సేత్తాడు."

ఆ క్షణం నాకు గుర్తుంది. మిల్లు మోత ఏమీ వినబడలేదు. మట్టి ఒక తసలా పెరిగిన ప్రతిసారీ నీళ్ళు ఒక డబ్బా పెరుగుతాయి. నాలుగు నెలలూ, రెండు పాళీలూ. అంటే నా అయిదు కాలమ్‌లలో రెండు, రెండు కావు. ఒకే మనిషి రెండు చొక్కాలు వేసుకుని వచ్చి రెండు ఓట్లు వేసి వెళ్ళాడన్నమాట! మట్టి కదలకుండా ఉండి నీళ్ళు మాత్రమే పెరిగిన షిఫ్టు నా పెట్టెలో ఒక్కటీ లేదు. లేని షిఫ్టు గురించి నేను ఆరు దశాంశ స్థానాలు రాశాను.

మిస్త్రీ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, "ఈ మట్టి సూడమ్మా..." అని. నేను వినలేదు. చెప్పులు చేత్తో పట్టుకోవడమే తరువాయి, అలా పరిగెత్తాను. ఆటో ఎక్కి సాక్చి వెళ్ళి డజను గ్రాఫు కాగితాలు కొన్నాను. మళ్ళీ సెక్షన్‌కి వచ్చి, అడ్డంగా మట్టి, నిలువుగా నీళ్ళు పెట్టుకుని చుక్కలు వెయ్యడం మొదలుపెట్టాను. లాబ్ అసిస్టెంటు రిజిస్టరు చదువుతున్నాడు, నేను చుక్క పెడుతున్నాను. ఇరవై చుక్కలకే గీత కనబడింది. యాభైకి స్కేలు పెట్టి గీసినట్టుంది. వందో చుక్క పెట్టేసరికి అతను రిజిస్టరు మూసేసి, "దీదీ, అబ్ మై బినా దేఖే బతా దూఁ?" అని నవ్వాడు. మట్టి ఎంతో చెబితే నీళ్ళెన్నో రిజిస్టరు చూడకుండా చెప్పగలడట. చెప్పాడు కూడా. వరసగా ఎనిమిది సరిగ్గా చెప్పాడు! నేను బల్ల మీద చరిచి అరిచాను. పక్క గదిలోంచి టైపిస్టు వచ్చి పాము దూరిందా అని అడిగాడు.

నాకు సిగ్గేసిందా? వేసింది. పప్పులో కాలు కాదు, ఏకంగా గంగాళంలోనే దిగాను. కాని సిగ్గు కన్నా ముందు సంతోషం వచ్చింది, దానికి నేనేం చెయ్యను? అంత పెద్ద రహస్యం, కళ్ళెదుట కాలమ్‌లలో పడుకుని ఉంది. చూడటమే తరువాయి.

శుక్రవారం పొద్దున్న ఇంకో పని చేశాను. మా సెక్షన్లో చేత్తో తిప్పే లెక్కల యంత్రం ఒకటి ఉండేది. నాలుగు నెలల షిఫ్టుల్ని రెండుగా విడగొట్టి, మట్టి, నీళ్ళు మాత్రమే పెట్టుకుని, ఆ పిడి తిప్పి తిప్పి రెండు సగాలకీ విడిగా లెక్క కట్టాను. మొదటి సగంలో మట్టి దోషి, నీళ్ళు అమాయకం. రెండో సగంలో నీళ్ళు దోషి, మట్టి అమాయకం. అదే మిల్లు, అదే మనుషులు! ఎప్పుడూ ఒకరి చెయ్యి ఒకరు వదలని ఇద్దరిలో తప్పు ఎవరిదని అడిగితే లెక్క నోటికొచ్చింది చెబుతుంది. మీరు మల్టీకొలీనియారిటీ అని పేరు పెట్టి పరీక్షల్లో రాస్తారే, అది నాకు ఆ రోజు మోచేతి నొప్పితో సహా వంటబట్టింది.

మేనేజరు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. గ్రాఫు చూపించాను. ఆయన అద్దాలు తీశాడు.

"అయితే తప్పు మట్టిదా, నీళ్ళదా?"

"ఈ అంకెలు చెప్పలేవు సార్. రెండూ ఎప్పుడూ విడిపోలేదు."

"ఆర్డరు టైపయింది బేటీ. పైవాళ్ళకి తెలిసింది. ఇప్పుడు నువ్వు తప్పు అంటే నీ పరువేం కావాలి? ఆడపిల్లని పెట్టుకున్నందుకు నన్ను ఆడిపోసుకుంటారు." గొంతు తగ్గించాడు. "ఒక పని చెయ్యి. కంప్యూటర్ కీ గల్తీ అని రాసెయ్. అందరూ నమ్ముతారు."

నిజంగానే నమ్మేవారు. ఆ రోజుల్లో కరెంటు బిల్లు నుంచి పరీక్ష ఫలితాల దాకా దేనికైనా ఆ మాట చెల్లేది. నాకు ఒక్క నిమిషం నోరూరింది, దాచుకోవడమెందుకు? కాని ఆ యంత్రం నేను అడిగినదానికి అక్షరాలా జవాబు చెప్పింది. అడగకూడనిది అడిగింది నేను. "కంప్యూటరు తప్పు కాదు సార్, నాది. కాని ఆర్డరు మీద సంతకం పెట్టేముందు నాకు ఒక్క రోజు ఇవ్వండి. మట్టినీ నీళ్ళనీ విడదీసి చూస్తాను" అన్నాను. ఆయన అద్దాలు పెట్టుకుని గ్రాఫు ఇంకోసారి చూశాడు. శనివారం ఒక్క పాళీ ఇచ్చాడు.

ఎగిరి గంతేసి మిల్లు దగ్గరికి వెళితే, అక్కడ నా గాలి తీసేశాడు మిస్త్రీ. మట్టి పెంచి నీళ్ళు పెంచకుండా ఒక ఘాణీ, అంటే ఒక విడత ఇసుక, నీళ్ళు పెంచి మట్టి పెంచకుండా ఒక ఘాణీ కలపాలని చెప్పగానే, ససేమిరా అన్నాడు.

"తప్పు నీదే గదా? అయితే నీ కాయితం సింపు. నా ఇసకెందుకు సెడగొట్టమంటావు?"

"కాగితం చింపితే మేనేజరు గారు ఊరుకోరు మిస్త్రీ గారూ. ఏదో ఒకటి తేలాలి. లేకపోతే సోమవారం మీరు ఫెట్లింగ్‌కి వెళ్ళాలి."

"ఎల్తాను. కొలిమికెల్లమన్నా ఎల్తాను. తెలిసి తెలిసి సెడ్డ ఇసక మాత్రం నా సేత్తో కలపను. మా ఉస్తాద్ ఈ మిల్లు నాకప్పజెప్పి పోయినాడు. నా ఇసకలో పోసిన అచ్చు ఇరిగితే నాకన్నం దిగదు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఈయన్ని కాపాడబోతే ఈయనే అడ్డం! చివరికి, పాఠాలన్నీ పక్కన పెట్టి, ఉన్నమాట చెప్పాను. "నేను చూడకుండా రాశాను. మిల్లు దగ్గరికి రాకుండా, మిమ్మల్ని ఒక్క మాట అడక్కుండా రాశాను. క్షమించమని అడగటానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు. రేపొక్కరోజు నాకు మీ మిల్లు ఇవ్వండి" అన్నాను.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. జోడీదారు వంక చూశాడు. మిల్లు వంక చూశాడు.

"ఒక మాట. తసలాకి డబ్బా లేకుండా నా నోటితో నాను సెప్పలేను. నాకు రాదు. నువ్వే ఈడ నిలబడి కేకెయ్యాల. సెడ్డ ఇసక నీ నోటి మాట మీద కలవాల."

అలా, శనివారం పొద్దున్న, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, నెత్తిన హెల్మెట్‌తో నేను మిల్లు పక్కన నిలబడ్డాను. నాలుగు రకాల ఇసుక. మామూలు మట్టి మామూలు నీళ్ళు ఒకటి, రెండూ ఎక్కువ ఒకటి, మట్టి మాత్రమే ఎక్కువ ఒకటి, నీళ్ళు మాత్రమే ఎక్కువ ఒకటి. ఏ రకం ఎప్పుడు కలపాలన్నది నా ఇష్టానికి వదలకూడదని చీటీలు రాసి మిస్త్రీ హెల్మెట్లో వేసి తీయించాను. ఆయన ప్రతి చీటీ తీసేముందు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. "లాటరీ కాదు మిస్త్రీ గారూ" అంటే, "నాకు లాటరీయే" అన్నాడు.

"దో తసలా, ఏక్ డబ్బా!" అని నేను మొదటి కేక వేసేసరికి షాపంతా తిరిగి చూసింది. జోడీదారు చెయ్యి అలవాటు కొద్దీ రెండో డబ్బా మీదికి వెళ్ళిపోయింది. మిస్త్రీ చటుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఆ పూట ఆ చెయ్యిని ఆయన ఎన్నిసార్లు పట్టుకున్నాడో లెక్కలేదు. ఒకసారి మిస్త్రీ చెయ్యే డబ్బా మీదికి పోతే జోడీదారు పట్టుకుని నవ్వాడు. అచ్చుల మీద లాబ్ అసిస్టెంటు సున్నంతో గుర్తులు పెట్టాడు. అవి డ్రమ్ముల మీద కూడా పడేటట్టు అచ్చు లోపల ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు నొక్కాడు. ఇనుము పోస్తుంటే నిప్పురవ్వలు లేచాయి. మట్టి మాత్రమే పెంచిన ఇసుకతో చేసిన అచ్చుల అంచులు కొన్ని రాలిపోయాయి. మిస్త్రీ వాటిని చూసి సొంత బిడ్డకి దెబ్బ తగిలినట్టు "అయ్యయ్యో" అన్నాడు. నా గొంతు బొంగురుపోయింది. నా ఉద్యోగంలో అంత సరదాగా గడిచిన శనివారం ఇంకొకటి లేదు.

బొక్కలు ఉన్నాయో లేదో లేతు మీద చెక్కితేగాని తెలియదని చెప్పాను కదా. ఆదివారం ఎలా గడిచిందో అడక్కండి. మా అమ్మ వంకాయలు తరగమంటే, అన్నిటినీ నాలుగు కుప్పలుగా పెట్టాను.

సోమవారం పొద్దున్న లేతు దగ్గర మేమందరం చేరాం. మేనేజరు చేతిలో సంతకం కాని ఆర్డరు ఉంది. మిస్త్రీ దూరంగా, గోడ పక్కన నిలబడ్డాడు. ఒకటో అంకె డ్రమ్ములు నున్నగా వచ్చాయి. రెండూ పెంచిన రెండో అంకెవి, తీగలు తీగలుగా ఇనుము లేచిపోతుంటే, కింద బొక్కలు తేలాయి. మట్టి మాత్రమే పెంచిన మూడో అంకె! నేను లేతు మీదికి వంగాను. అంచులు కాస్త గరుకు, అంతే. ఒక్క బొక్క లేదు. నీళ్ళు మాత్రమే పెంచిన నాలుగోది లేతు మీద తిరగగానే లాబ్ అసిస్టెంటు "జల్లెడ హై!" అన్నాడు. అతని నోట నేను విన్న మొదటి తెలుగు మాట అదే.

నీళ్ళే! నేను దండ వేసిన నీళ్ళే దోషి. మట్టి నిర్దోషి. నేను చప్పట్లు కొట్టాను, ఎవరున్నారో చూసుకోకుండా. మేనేజరు తలూపి, జేబులోంచి పెన్ను తీశాడు.

"మంచిది. నీళ్ళు. మరి నీళ్ళు పోసేది ఎవరు?"

నా చప్పట్లు గాలిలోనే ఆగిపోయాయి. నీళ్ళు పోసేదీ మిస్త్రీయే. నేను ఇంత కష్టపడి, ఇంత నిక్కచ్చిగా, ఆయన్ని రెండోసారి దోషిని చేశాను. గోడ దగ్గర్నించి మిస్త్రీయే నడిచి వచ్చాడు. బొక్కలు పడ్డ డ్రమ్ము మీద చెయ్యి వేసి తడిమాడు. తర్వాత హిందీలో, నెమ్మదిగా చెప్పాడు. ఏడాది మొదట్లో మట్టి బస్తాలు మారాయట. బస్తా మీద గుర్తు వేరు. కొత్త మట్టికి పిడికిట్లో పాత పట్టు లేదు. ఒక తసలాకి నిలిచే ముద్ద, రెండో తసలా వేస్తేగాని నిలవడం లేదు. రెండో తసలాతో పాటు రెండో డబ్బా.

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు మేనేజరు.

మిస్త్రీ ఆయన వంక కాకుండా నా వంక చూసి తెలుగులో అన్నాడు. "సెప్పబోతే ఈయమ్మ పరిగెత్తేసింది."

నిజమే. గురువారం ఆయన చెబుతుంటే వినకుండా పరిగెత్తినదాన్ని నేనే. నేను దాన్ని హిందీలోకి మార్చి మేనేజరుకి చెప్పాను, నా గురించిన ముక్కతో సహా. మేనేజరు అద్దాలు తీశాడు, కాని తుడవలేదు. కొత్త మట్టి కొనవచ్చని కాగితం మీద సంతకం పెట్టింది ఆయనే. మిల్లుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మేనేజరు లేతు ఆపించాడు. మిస్త్రీ వైపు తిరిగి, "నిన్ను మిల్లు మీదే ఉంచితే, నీళ్ళు వేరే, మట్టి వేరే కొలుస్తావా?" అని అడిగాడు.

"కొలుస్తాను సాబ్. నేను చూశాను కదా ఇప్పుడు" అన్నాడు మిస్త్రీ హిందీలో. వేలెత్తి నన్ను చూపించాడు. "కాని ఈ బిటియా కూడా ప్రతి సోమవారం మిల్లు దగ్గరికి రావాలి. పిడికిలి పట్టి చూడాలి. ఆ తర్వాతే కాగితం రాయాలి."

అందరూ నవ్వారు. మేనేజరు నవ్వలేదు. ఆ టైపు చేసిన ఆర్డరు తీసి, లేతు బల్ల మీద పెట్టి, మిస్త్రీ పేరు కొట్టేశాడు. దాని పైన నా పేరు రాశాడు. ఫెట్లింగ్ అన్నది కొట్టేసి శాండ్ మిల్లు అని రాశాడు, వారానికి ఒక రోజు, ఇకమీదట అని చేర్చాడు. కింద సంతకం పెట్టి నా చేతికిచ్చాడు.

మిస్త్రీ ఆ కాగితంలో ఏముందని అడిగాడు. చదివి వినిపించాను. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "అయితే రా మరి. ఇయ్యాల సోమారమే" అన్నాడు.

నా ఉద్యోగ జీవితంలో నాకు మొదట వచ్చిన ట్రాన్స్‌ఫర్ ఆర్డరు అది. మిస్త్రీ రిటైరయ్యేదాకా నేను ఒక్క సోమవారం కూడా మానలేదు.